బెంగమ్మగారి సత్యోపదేశం

బెంగమ్మగారికి భయపడటమే అసలు వృత్తి, బట్టలు కుట్టడం పక్క పని అని వీధంతా అనుకునేది. ఆమెకు లిఫ్టంటే భయం, మెట్లంటే ఇంకా భయం. ఆమె చేతిలో కత్తెర ఉన్నంతసేపూ చుట్టుపక్కల ఎవరూ తుమ్మకూడదు. అలాంటి అక్కకు తన నాలుగేళ్ల కూతురి చదువు అప్పగించాల్సి వచ్చినందుకు చెల్లెలు లోలోపల హడలిపోయింది.

వేరే దారి లేదు మరి. ఒకసారి బజారులో తప్పిపోయి దొరికినప్పటి నుంచి పాప తల్లి కొంగు వదలడం లేదు. గేటు దగ్గర పెట్టిన కేకలకు బడి టీచరే చేతులెత్తేసింది. చర్చిలో ఆదివారం పిల్లల సత్యోపదేశం తరగతిలోనూ అదే వరస. తల్లి రక్తపరీక్షల ల్యాబులో పనికి వెళ్లాలి. పిల్ల ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే? తనకేదైనా అయితే?

అక్షరాలు, అంకెలు, జపాలు అన్నీ ఇంట్లోనే నేర్పుదామని అక్కాచెల్లెళ్లు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు.

"సోమవారం నోవా ఓడ చెప్పు," అంది చెల్లెలు.

"అమ్మో, వరదే! నాకు ఈత రాదు."

"నిన్ను ఓడెక్కమన్నానా? పోనీ దావీదు?"

"రాళ్లు విసరడం నేర్పుతామా? మనవి గాజు కిటికీలే."

"దానియేలు?"

"సింహాల గుహలోకా! పట్టపగలు నీకేమైందే?"

"సిలువ గుర్తు వేయడమైనా నేర్పుతావా?"

అక్క తన గోళ్లు చూసుకుంది. "నేర్పుతా. కంట్లో వేలు పొడుచుకోకుండా."

చివరికి సింహాలకు కూడా ఒప్పుకుంది. ఒకరోజు తల్లి పని నుంచి త్వరగా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల అక్క మంచం మీదికెక్కి కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"సింహం నావైపే చూస్తోందే! చెయ్యి పట్టుకో!"

"అది కరవదు పెద్దమ్మా. దేవదూత దాని నోరు మూసేశాడు."

"గట్టిగా మూశాడా?"

"చాలా గట్టిగా."

ఉన్న భయం చాలదన్నట్టు అక్క భయాలన్నీ పిల్లకు అంటుకుంటే ఎలా? ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఈ చదువు మాన్పించెయ్యాలని తల్లి తీర్మానించుకుంది.

ఆదివారం ఇంకా రాకముందే స్నానాలగది గడియ బిగుసుకుపోయింది. పాప లోపలుంది. తల్లి ఇల్లు చేరేసరికి వడ్రంగి తలుపు బందులు ఊడదీస్తున్నాడు. అక్క నేల మీద బోర్లా పడుకుని తలుపు కింది సందులో నోరు పెట్టి మాట్లాడుతోంది. తల్లి పరుగున తలుపు దగ్గరికి వచ్చింది. కూతుర్ని పిలవబోతే అక్క చెయ్యెత్తి ఆపింది.

"లోపల చీకటిగా ఉందా తల్లీ?"

"కొంచెం."

"నాకు ఇక్కడ చాలా భయంగా ఉందే."

"ఏడవకు పెద్దమ్మా, నేనున్నాగా. మరియమ్మ మంగళవార్త జపం నేను చెప్తా, నువ్వు నా వెనకే చెప్పు. తప్పులు చెప్పొద్దు."

అక్క చెప్పింది. వడ్రంగి కూడా చెప్పాడు.

తలుపు ఊడి రాగానే పాప అమ్మ చాచిన చేతులు దాటుకుని వెళ్లి, తన గౌను అంచుతో పెద్దమ్మ ముక్కు తుడిచింది.

ఆ తరువాత వంటింట్లో చెల్లెలు నిలదీసింది. "ఇదంతా నటనేనా అక్కా?"

"నటనా? నా కాళ్లు చూడు, ఇంకా వణుకుతున్నాయి." అక్క మంచినీళ్లు గటగటా తాగింది. "దాన్ని ఊరుకోబెట్టేవాళ్లు ఇంటినిండా ఉన్నారే. అది ఊరుకోబెట్టడానికే ఎవరూ లేరు. నా దగ్గర భయానికి కొదవా? కాస్త దానికిచ్చా."

చదువు మాన్పించే మాట చెల్లెలు ఎత్తనే లేదు.

ఆదివారం సత్యోపదేశం తరగతి ముందు పాప పెద్దమ్మను ఒక బల్ల మీద కూర్చోబెట్టింది. "ఇక్కడే ఉండు, తప్పిపోతావు. నేను వచ్చి తీసుకెళ్తా," అని చెప్పి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.

ఆ బల్ల కదిలించాల్సిన పనిబడి ఫాదర్‌గారు వచ్చి, కాస్త లేవమ్మా అన్నారు.

"క్షమించండి ఫాదర్," అంది బెంగమ్మగారు బల్ల అంచు గట్టిగా పట్టుకుని. "కదిలితే మా పాప కేకలేస్తుంది."