ముందు మా బియ్యమే

బియ్యప్పిండి పొట్లం విప్పినప్పుడల్లా నేను చేసే పని చూసి మా ఆవిడ ఇరవయ్యేళ్ళుగా నవ్వుతూనే ఉంది. కత్తెరతో మూల కత్తిరించగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాను, తర్వాత చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంటాను, మంట పుట్టదని రూఢి అయ్యాకే డబ్బాలో పోయనిస్తాను. సీలు వేసి వచ్చిన పిండిలో కారం ఎందుకుంటుందని ఆవిడ వాదన. న్యాయమే. కానీ ఆవిడ పిండిమర ఉన్న ఇంట్లో పెరగలేదు, నేను పెరిగాను.

పెరిగానే గాని ఎదగలేదన్నది ముందే ఒప్పుకుంటాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాగుల చవితి వచ్చిందంటే, గోలీలాట మధ్యలో నేను లేచి నిలబడి, నిక్కరు పైకి లాక్కుని, మా మిల్లులో ముందు మా బియ్యమే ఆడతారు, ఆ తర్వాతే మీ అందరివీ అని ప్రకటించేవాణ్ణి. అది మా హోదా అనుకునేవాణ్ణి. ఇంజనుకి దగ్గరగా ఉన్న పెట్టె లాంటి వాళ్ళం మేమని నా లెక్క. ఇంజను పక్క పెట్టెలోకే ముందు మసి వస్తుందన్న సంగతి రైల్వే పిల్లాణ్ణయి ఉండీ నాకు తట్టలేదు. మా బియ్యం ముందెందుకు పోస్తారో తెలియడానికి మూడు చవితులు పట్టింది.

ఎనభైల నాటి కార్తికం గుర్తొస్తే ఇప్పటికీ వేళ్ళు చల్లబడతాయి. తెల్లవారి యార్డు వైపు నుంచి బొగ్గు పొగ మంచుతో కలిసి క్వార్టర్ల మధ్యకి దిగి, తీగల మీద ఆరేసిన బట్టలకి సన్నటి నుసి పట్టించేది. చెరువుల్లో కాసే సింఘాడా కాయల్ని ఉడకబెట్టి, నల్లటి గుట్టలుగా పోసి, గోల్ బజార్‌లో అమ్మేవారు. వాటి తొక్క ఒలిస్తే వచ్చే ఆవిరి కోసమే మేం కొనిపించుకునేవాళ్ళం. దీపావళి మతాబాల్లో సగం దాచుకుని, చవితి నాడు పుట్ట దగ్గర కాల్చడానికి రోజూ ఎండబెట్టేవాళ్ళం. కాలనీ వెనక, యార్డు గోడ అవతల తుప్పల్లో ఉండేది ఆ పుట్ట. తెలుగువాళ్ళందరూ ఉపవాసాలతో అక్కడికి చేరి, పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, పుట్టమన్ను చెవులకి రాసుకుని, మా చెవులకీ రాసేవారు.

చలిమిడికి తడిపిండి కావాలి. రాత్రంతా నానిన బియ్యాన్ని వార్చి, తేమ ఆరకముందే పిండి చేసి, బెల్లం, నెయ్యి, కొబ్బరి ముక్కలు కలిపి ముద్ద చెయ్యాలి. పొయ్యి ఎక్కించేది లేదు. ఊళ్ళో చక్కీల వాళ్ళు, అంటే పిండిమరల వాళ్ళు, తడిబియ్యం చూస్తేనే చేతులు అడ్డం పెట్టేవారు, రాయికి పిండి అంటుకుపోతుందని. చేసేది లేక మన ఆడవాళ్ళు క్వార్టర్ల గచ్చు మీద రోళ్ళు పెట్టి దంచితే, పక్కింటి గోడ మీద దేవుడి పటాలు ఊగేవి. లోకో షెడ్‌లో ఫిట్టరు మా నాన్న. ఇనుప సామాను ఏది కనిపించినా దానికి మళ్ళీ ప్రాణం పొయ్యాలనిపించే మనిషి. తెలిపారా వెళ్ళే దారిలో ఎవరో మూసేసిన చక్కీని కొని, గది అద్దెకి తీసుకుని, మన వాళ్ళ తడిబియ్యం కోసమే మర పెట్టాడు. రైల్వే ఉద్యోగి వ్యాపారం చెయ్యకూడదు గనక అది అమ్మ పేరు మీద పెట్టాడు. పేరు ఎక్కడ పడిందో పనీ అక్కడే పడింది.

మర పిండిని ఆడించేది, మరని మా అమ్మ ఆడించేది, అమ్మని ఊరంతా ఆడించేది. బెల్టు జారితే అమ్మే మిస్త్రీ. కొంగు దోపుకుని, మోటారు ఆపి, చెక్క పలకతో దాన్ని చక్రం మీదికి ఎక్కించేది. రాయి అరిగితే ఉలితో గంట్లు పెట్టే పనీ ఆవిడదే, కళ్ళలో రాతి పొడి పడి రెండ్రోజులు ఎర్రగా తిరిగేది. కరెంటు పోతే కరెంటాఫీసుకి పడాల్సిన తిట్లన్నీ అమ్మకే పడేవి. లైన్లో ఎవరు ముందో, ఎవరు సంచి పెట్టి కూరల కోసం వెళ్ళిపోయారో తేల్చే జడ్జీ ఆవిడే. తెలుగు వాళ్ళు "వదినా" అని పిలిస్తే అరువు కబుర్లు వినాలి, హిందీ వాళ్ళు "దీదీ" అంటే వాళ్ళ అత్తగార్ల మీద ఫిర్యాదులు వినాలి. వీళ్ళందరి మధ్యా నేనొకణ్ణి "అమ్మా" అనేవాణ్ణి. "ఉండరా" అనేది. ఉన్నాను. ఒకసారి జ్వరంతో మిల్లుకి వెళ్ళి గోనె సంచుల మీద వాలితే, ఒక చేత్తో తొట్టి పిడి తిప్పుతూనే రెండో చెయ్యి నా నుదుటి మీద వేసి చూసింది. ఆ తెల్లటి ముద్రతో బడికి పోతే, మాస్టారు విభూతి అనుకుని ఇంత భక్తి పనికిరాదన్నారు.

ఇక చవితి సంగతి. కార్తికంలో మొదలయ్యే పెళ్ళిళ్ళకని, దీపావళి ముందే వంటవాళ్ళు బస్తాల కొద్దీ ఎండుమిరపకాయలు తెచ్చి ఆడించుకుపోయేవారు. గదంతా ఘాటు, అందరికీ తుమ్ములు. పండగ మర్నాటి నుంచి మడి మొదలు, చవితి పొద్దుటి దాకా మర తిరిగేది కాదు. మనకి నాగుల చవితి ఏనాడో, బీహారు వైపు రైల్వే వాళ్ళకి ఛఠ్ వ్రతం మొదలయ్యేదీ ఆనాడే. వాళ్ళ ప్రసాదానికి గోధుమలు కడిగి, పిట్ట ముట్టకుండా కాపలా కాసి ఆరబెట్టి తెస్తారు. అంచేత ఆ పొద్దున మిల్లు దగ్గర రెండు మడులు ఎదురెదురుగా నిలబడేవి. గార్డుగారి భార్య రవణమ్మగారు తడిబియ్యం గిన్నె కొంగు కింద దాచుకుని అమ్మతో, "సత్యవతీ, ఆ గోధుమల సంచీ నా గిన్నెకి తగలకుండా సూడు" అంటే, ముంగేర్ నుంచి వచ్చిన చాచీ తన సంచిని ఛాతీకి హత్తుకుని, "ఏ దీదీ, చక్కీ ధో దియే హో న? మిర్చా కా గంధ్ ఆ రహా హై" అని, మిరప వాసన వస్తోంది, మర కడిగావా లేదా అని నిలదీసేది. అమ్మ ఇద్దరికీ పూజారే. తెల్లవారుజామునే తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, తొట్టి చింతపండుతో తోమి, పిండి దిగే గుడ్డగొట్టం కొత్తది కట్టేది.

అన్నీ కడిగినా రాయి గంట్లలో కారం నీళ్ళతో పోదు. గింజ తిరగాలి. రెండు కిలోలు ఏవైనా పోసి ఆడిస్తే, ఆ గింజ కారాన్నంతా ఊడ్చుకుని కిందికి దిగుతుంది. ఆ ఊడ్చే చీపురే మా బియ్యం. ముందు మా బియ్యమే!

లేత గులాబీ రంగులో దిగేది మా తడిపిండి. పారెయ్యడానికి వీల్లేదు, దేవుడి పేరు చెప్పి నానబెట్టినవి. అమ్మ దాంతోనే ఇంకాస్త ఎక్కువ బెల్లం వేసి చలిమిడి చేసేది, అదీ అందరూ పుట్టకి వెళ్ళొచ్చాక, ఎండెక్కాక. మిగతా పిల్లలు పాలలాంటి ముద్దలు చప్పరిస్తూ ఇళ్ళకి వస్తుంటే, మేం పుట్టకి బయల్దేరేవాళ్ళం. నాగేంద్రుడికి కారం చలిమిడి పెట్టిన ఇల్లు భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది. ఆయన ఏటా బుస కొట్టకుండా ఊరుకున్నాడంటే అది ఆయన పెద్దమనసు. నాకు అంత మనసు లేదు. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెనకే మంట, కళ్ళలో నీళ్ళు. తడిబియ్యం పని అయ్యాక గోధుమలకి ముందు రాయి మళ్ళీ శుభ్రపడాలి గదా, అప్పుడు మా గోధుమలు. ఆ వారమంతా మా రొట్టెల్లో తడిబియ్యప్పిండి ఉండలు.

"మనవి ఆఖర్న వెయ్యొచ్చు కదమ్మా" అని ఏడిస్తే, "ఆఖర్ని కరెంటుంటదని ఏటి నమ్మకం?" అనేది. "గిరాకీ గింజ పాడైతే మళ్ళీ వస్తారేటి? మనదయితే మనమే సద్దుకుంటాం."

సద్దుకోవడంలో నాకు గౌరవ డాక్టరేటు ఇవ్వొచ్చు. నాన్నకి మొర పెట్టుకుంటే, "ఓనర్ అంటే అంతేరా" అని నైట్ డ్యూటీకి సైకిలెక్కేవాడు. ఓనర్ అంటే ఏమిటో ఆయనకేం తెలుసు, ఆయన లైన్లోనూ లేడు, తొట్టి దగ్గరా లేడు. నాకు కావలసింది పెద్ద ఆస్తి కూడా కాదు. ఒక్క చవితికి, ఒక్క తెల్లటి ముద్ద, అందరితో పాటు పొద్దున్నే, అమ్మ చేత్తో.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. మిక్సీలూ పొట్లాలూ వచ్చాక లైను పల్చబడి, తొంభైల చివర్లో ఒక వానాకాలం మోటారు కాలిపోతే నాన్న దాన్ని మళ్ళీ లేపలేదు. ఆ గదిలో మొబైళ్ళు బాగుచేస్తున్నారు. పుట్ట ఉన్న చోట కొత్త లైను పడింది. కాలనీలో మిగిలిన నాలుగిళ్ళ పిల్లల్ని చలిమిడి తెలుసా అంటే, "వో క్యా హోతా హై అంకుల్?" అంటారు. అమ్మ నా దగ్గరే ఉంది. మిస్త్రీ, జడ్జీ, పూజారి వేషాలన్నీ విప్పేసి, తీరిగ్గా అమ్మ వేషం ఒక్కటే వేద్దామని కూర్చుంటే, ఇప్పుడు "ఉండమ్మా" అంటూ ఫోను పట్టుకుని తిరిగేవాణ్ణి నేను. ఎవరిమీద కోప్పడాలో తెలియదు. కానీ ఒక చవితికి మాత్రం నా కోపానికి దారి దొరికింది, అది చెప్పేసి ఆపుతాను.

ఎనిమిదో తరగతి. చవితి ముందు రాత్రి అమ్మ అలసి నిద్రపోయాక, ఇంట్లో ఉన్న బియ్యమంతా, డబ్బా అడుగు కనిపించేలా వంచి, నానబోశాను. తెల్లవారాక వార్చి, కొత్త తువ్వాల్లో మూటగట్టి, మిల్లుకి వెళ్ళి, రోజూ దూరే వెనక గుమ్మం వైపు పోకుండా, వీధి వైపు లైన్లో నిలబడ్డాను. నా ముందు రవణమ్మగారు, ఆవిడ ముందు బెల్తరా నుంచి వచ్చే ఒక ఛత్తీస్‌గఢీ ముసలమ్మ. ఆవిణ్ణి అందరూ దాయీ అనేవారు. నా వెనక చాచీ, ఇంకా చాలామంది.

అమ్మ తొట్టి దగ్గర నుంచి చూసింది. "ఏటిరా అక్కడ నిలబడిపోనావు? బేగి ఇలా తే. శుద్ధి కావాల."

"నేను లైన్లో ఉన్నానండీ" అన్నాను.

"అండీ ఏటిరా గుంటడా!"

"గిరాకీని రా అనకూడదండీ."

లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ మొహం మీద పిండి ఉంది గాని, కింద ఎరుపు కనిపిస్తూనే ఉంది. "మరి రాయి శుద్ధికి ఎవరి బియ్యం పొయ్యమంటావు?"

"ఓనర్ గారివి."

"అవి నీ చేతిలో ఉన్నాయి!"

"ఇవి గిరాకీవండీ. పూజకి. కారం తగలకూడదు."

రవణమ్మగారు గిన్నె సర్దుకుని, "వీడికి మతి పోనాదేటే సత్యవతీ? మిల్లు మీదయినప్పుడు ముందు మీవే కదా ఆడుకోవాల, ఆ బాగ్గెం మాకేదీ" అన్నారు.

"మామ్మగారూ, ముందు ఆడినవి కారంగా ఉంటాయి. ఆరేళ్ళుగా మా చలిమిడి కారమే" అన్నాను.

"ఓలమ్మ, కారమే?" ఆవిడకి నిజంగానే తెలియదు. అమ్మ వైపు చూశారు. అమ్మ తొట్టి వైపు చూసింది. చాచీ ఏమైందని అడిగితే ఎవరో హిందీలో చెప్పారు, లైను పొడుగునా ఒకళ్ళ గింజల్ని ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ మూట ముడి విప్పలేదు.

అప్పుడు దాయీ ముందుకి వచ్చి, తన సంచి మూతి తెరిచింది. ఆవిడవి పొడి బియ్యం, చీలాకి, అంటే మన అట్ల లాంటివాటికి. "చీలాలో ఎలాగూ మిరపకాయ వేస్తాం, పోసెయ్" అని తన యాసలో అని, నన్ను చూపించి, "లఇకా హర్ ఘలో గిరాహిక్ ఆయ్" అంది, ఈ పిల్లాడూ గిరాకీయే గదా అని.

అంతే. ఆరేళ్ళ మంటకి అంత తేలికైన మందు ఉందని తెలిస్తే సంతోషించాలి గాని, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళలో అమ్మ ఒక్కసారి నోరు తెరిచి ఎవర్నీ అడగలేదు. ఓనర్ అడగకూడదట.

దాయీ బియ్యం ఎర్రగా దిగాయి, ఆవిడ వాసన చూసి సంతోషంగా తల ఊపింది. తర్వాత రవణమ్మగారివి. తర్వాత నావి. అమ్మ మూట అందుకుని తొట్టిలో పోసింది. పాలపుంతలా దిగింది పిండి. అందరికీ చూపించినట్టే గుప్పిట్లోకి తీసి నా ముందు చెయ్యి చాపింది. "సూసుకో బాబూ, మెత్తగా ఉందేటి?"

ఆ చూపులో, ఇంటికి పద నీ సంగతి చెప్తాను, అని స్పష్టంగా రాసి ఉంది. కానీ ఇంటికి వెళ్ళడానికి చాలా టైముంది, ఈలోగా లైనంతా ఆగి, అమ్మ నా ఒక్కడి జవాబు కోసం చూస్తోంది. నేను తొందరపడలేదు. చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ నలిపి, "కాస్త బరకగా ఉందండీ" అన్నాను. "ఇంకోసారి వెయ్యండి."

వేసింది.