కుప్పం రాయి పరిచిన స్నానాలగది

మదనపల్లెలో మా ఇంటి స్నానాలగది పని సగానికొచ్చినప్పుడు మా మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని, "సార్, ఇది నీళ్ళు పోసుకొనే రూమా, పెండ్లి మండపమా?" అన్నాడు. నేను దాన్ని పొగడ్త కింద జమ వేసుకున్నాను. ఆ రోజుల్లో నాకు ఎవరేమన్నా పొగడ్తలాగే వినపడేది.

అంతకుముందు మాకున్నది పెరట్లో రేకులు కప్పిన నాలుగు గోడలు. కింద ఎవరి చేనులోంచో తెచ్చి పరిచిన గరుకు బండ, ఒక మూల సిమెంటు తొట్టి, ఇంకో మూల నీళ్ళు కాచే పొయ్యి. తలుపు వానకు ఉబ్బిపోయి సగమే మూసుకునేది. మా అమ్మ దానికి లోపలినుంచి తాడు బిగించి కట్టుకుని స్నానం చేసేది. ఆమె లోపలున్నంతసేపూ పెరట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు, ఆఖరికి కోడలు కూడా. ఆ గదితో అమ్మకు ఏ పేచీ లేదు. పేచీ అంతా నాదే.

కారణం కుప్పం. తొంభైల్లో ఆరేళ్ళు అక్కడ ఉద్యోగం చేశాను. నేను అద్దెకున్న వీధి చివర గ్రానైట్ కోసి నునుపు పెట్టే షెడ్లు ఉండేవి. సాయంత్రం పనేమీ లేక అక్కడికి వెళ్ళి నిలబడేవాణ్ణి. కొండలోంచి వచ్చినప్పుడు మట్టిరంగులో, ఎవరూ రెండోసారి చూడని విధంగా ఉండే రాయి, యంత్రం కిందినుంచి పచ్చగా, లోపల నల్లటి చారలతో బయటికొచ్చేది. దాని మీద నీళ్ళు చల్లితే నా ముఖం అందులో నాకే కొంచెం మెరుగ్గా కనిపించేది. ఎప్పటికైనా ఇల్లు బాగు చేయిస్తే ఈ రాయే పరవాలని అప్పుడే అనుకున్నాను.

తర్వాత పుంగనూరుకు బదిలీ అయింది. మదనపల్లె నుంచి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. రెండు వేల సంవత్సరం దాటాక చేతిలో కాస్త వెసులుబాటు వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మా పిల్లల గ్రాఫు పుస్తకంలో స్నానాలగది గీయడం మొదలుపెట్టాను. గుంతల దగ్గర గీతలు వంకర పోయేవి, ఇంటికెళ్ళి మళ్ళీ గీసేవాణ్ణి. తూర్పున వెంటిలేటరు, దక్షిణం గోడకు అద్దం, అద్దం కింద సబ్బులు పెట్టుకునే అర. గోడలకు నడుమెత్తు దాకా టైల్స్. నా భార్య పుంగనూరులో ఒక అంగడికి నాతో వచ్చి, లేత నీలం టైల్స్ మీద మనసు పడింది. నాలుగు టైల్స్‌కు ఒక దాంట్లో చేప బొమ్మ. చేపలన్నీ ఒకవైపే ఈదాలా, ఎదురెదురుగా ఈదాలా అని మేం రెండు వారాలు వాదించుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే అంత సీరియస్‌గా మేం పిల్లల చదువు గురించి కూడా మాట్లాడుకున్న గుర్తు లేదు.

అమ్మను అడిగాను, నీకేం కావాలని. "పీట ఏసుకోని కూచునేదానికి జాగా ఉంటే సాలు నాయనా" అంది. గ్రాఫు కాగితం మీద పీటకు ఒక చతురస్రం గీశాను. అంతటితో ఆమె విషయం అయిపోయిందనుకున్నాను.

రాయి కుప్పం నుంచి పలమనేరు, పుంగనూరు మీదుగా లారీలో వచ్చింది. మేస్త్రీ ఒక పలకను తడిపి, అరిచేత్తో రాసి, తల అడ్డంగా ఆడించాడు.

"సార్, తడి తగిలే చోట ఇంత నున్నటి రాయి వద్దు. తిరగేసి పరుద్దాం. కింది పక్క గరుగ్గా ఉండాది, కాలు నిలబడుతుంది."

ఆరేళ్ళు షెడ్డు ముందు నిలబడి ప్రేమించిన ముఖాన్ని బోర్లా వేసి సిమెంటులో పూడ్చమంటున్నాడు. నా చెవికెక్కలేదు. నువ్వు చెప్పినట్టు కాదు, నేను చెప్పినట్టు చెయ్యి అన్నాను. చేశాడు.

గది చూడ్డానికి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చారు. లైటు వేసి, చెంబుడు నీళ్ళు చల్లి మరీ చూపించాను. అందరూ గడప దగ్గరే చెప్పులు విడిచారు. ఒక స్నానాలగదికి అంత మర్యాద జరగడం మా వీధిలో అదే మొదలు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. రామకుప్పం వైపు పల్లెలో పుట్టిన మనిషి. రాగిచేలకు కాపలా కాస్తూ, అడవిపందులను తరమడానికి అరిచి అరిచి పెంచుకున్న గొంతు. డెబ్బై దాటినా ఆ గొంతు తగ్గలేదు, ముక్కు మీది కోపమూ తగ్గలేదు. నన్ను, నా భార్యను, పాలవాణ్ణి, గోడ మీది పిల్లిని సమానంగా తిట్టేది. ఆ తిట్లలో ద్వేషం ఉండేది కాదు. ఇల్లు తన చేతిలోనే ఉందని తనకు తాను చెప్పుకునే పద్ధతి అది.

రెండో నెలలో ఒక శుక్రవారం, తలస్నానం చేస్తూ సీకాయ జిగురు మీద కాలు పెట్టి జారింది. ఎముక విరగలేదు. నడుము పట్టేసి మూడు వారాలు మంచం మీద ఉంది. లేచి నడిచింది, కానీ స్నానాలగది గడప దగ్గరకొచ్చేసరికి ద్వారబంధం పట్టుకుని ఆగిపోయేది. ఒంటరిగా లోపలికి వెళ్ళలేకపోయింది. రబ్బరు చాప తెచ్చి పరిచాను. నీళ్ళు పడితే చాప కూడా జారింది. గోడకు స్టీలు కడ్డీ బిగించాను. సబ్బు చేతికి దాని మీదా పట్టు దొరకలేదు. చివరికి నా భార్యే రోజూ అమ్మను పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళు రుద్ది నీళ్ళు పోసేది.

అప్పటినుంచి అమ్మ తిట్టడం మానేసింది. కూరలో ఉప్పెక్కువైనా "బాగుండాది" అనేది. ఏం వండమంటావని అడిగితే "నీ ఇష్టం అమ్మా" అనేది. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను సంతోషించాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సంతోషించిన మాట నిజం.

ముందు పసిగట్టింది నా భార్య. "అత్త నన్ను తిట్టి ఎన్నాళ్ళాయనో తెలుసునా మీకు?" అని ఒకరోజు అడిగింది.

"నీకు మంచిదే కదా."

"మీకు తెలీదులే. నీళ్ళు పోసేటప్పుడు కండ్లు మూసుకుంటాది. తుడిచి చీర చుట్టేదాకా తెరవదు." తడి తువ్వాలు దండెం మీద వేస్తూ, "ఆ రాళ్ళు పెరికించేయండి" అంది.

ఎండలు తగ్గనీ, మేస్త్రీ దొరకనీ, లీవు దొరకనీ అని వాయిదాలు వేశాను. అసలు సంగతి అవేవీ కావు. ఆ మేస్త్రీనే పిలిచి, నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే, వీధిలో రోళ్ళకు కక్కు కొట్టే ఆమె కేక వినిపించింది. అరిగి నునుపైన రోళ్ళనూ తిరగళ్ళనూ ఉలితో పొడిచి మళ్ళీ గరుకు చేసి పోతుంటారు వాళ్ళు. ఇళ్ళలోకి మిక్సీలు వచ్చాక ఆమె రావడం బాగా తగ్గింది. అమ్మ గోడ పట్టుకుంటూ వెళ్ళి ఆమెను పక్క సందులోంచి పెరట్లోకి పిలిచింది.

"రోలు యాడ ఉండాది పెద్దమ్మా?"

"రోలు కాదుమే. లోపల గచ్చుకు కక్కు కొట్టల్ల."

ఆమె గదిలోకి తొంగి చూసినట్టుంది. "అయ్యో, అద్దం మాదిరి ఉండాది గదా! దీన్ని యాల చెడగొట్టేది? మీ కొడుకు అడిగితే నేనేం చెప్పేది?"

అమ్మ గొంతు తగ్గించింది. తగ్గించినా ఆ గొంతు వరండా దాకా వచ్చింది.

"నన్ను కట్టుకొన్న ఆయప్ప గూడా ఎలుతురులో నా ఒళ్ళు సూడలేదు మే. ఇప్పుడు దినామూ కోడలి ముందర కూచోవల్ల. ఆ బిడ్డ మంచిదే. మంచిది గాబట్టే దానిమీద నాకు నోరు లేస్తా లేదు."

నేను పేపరు పక్కన పెట్టాను. అడవిపందుల మీద అరిచిన గొంతును ఒక పచ్చరాయి కోసం మూయించానని అప్పుడు గాని నాకు తెలియలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, అమ్మ వైపు చూడకుండా, స్నానాలగదిలోని బకెట్లు, చెంబు, పీట, రబ్బరు చాప ఒక్కొక్కటే బయట పెట్టాను. "గది మొత్తం కొట్టమ్మా, మూలలు కూడా వదలొద్దు" అని కక్కు కొట్టే ఆమెతో అన్నాను. అమ్మ కూడా నా వైపు చూడలేదు.

కక్కు కొట్టే ఆమె మొదట ఉలి వెనక భాగంతో పలకలన్నీ తట్టి చూసింది. కింద డొల్లగా ఉన్న చోట శబ్దం మారుతుందట, అక్కడ మెల్లగా కొట్టకపోతే పగులుతుందట. తర్వాత ఉలి నిలబెట్టి మొదటి దెబ్బ వేసింది. పచ్చటి రాయి మీద తెల్లటి మచ్చ పడింది. చూడలేక వీధిలోకి వెళ్ళాను, వినలేక మళ్ళీ లోపలికొచ్చాను. నీళ్ళు పోయే తూము దగ్గర ఒక పలక పగిలింది కూడా. మధ్యాహ్నానికి పని ముగిసింది. పొడి కడిగాక చూస్తే, రంగు చచ్చిపోయి, అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా ఉంది గచ్చు. చెప్పులు విడిచి ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచాను. కాలు ఎక్కడ పెడితే అక్కడ నిలిచింది.

మర్నాడు పొద్దున అమ్మ స్నానానికి లేచింది. అలవాటుగా నా భార్య కుచ్చెళ్ళు ఎగదోపుకుని వెనకే వెళ్ళింది. అమ్మ లోపలికి వెళ్ళి, ఆమె రాకముందే తలుపు మూసి గడియ పెట్టుకుంది. నా భార్య తలుపు దగ్గరే ఆగిపోయింది. నేను పళ్ళు తోముకునే నెపంతో అక్కడికి చేరాను. చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వింటూ ఇద్దరం నిలబడ్డాం. ఒక దశలో చప్పుడు ఆగింది. ఎంతకీ మళ్ళీ వినిపించలేదు.

"అత్తా?" అంది నా భార్య.

"అమ్మా, బాగుండావా?" అని నేను తలుపు మీద చెయ్యి వేశాను.

"బాగుండక సచ్చినానా? తలుపుకాడ కాపలా యాల మీ ఇద్దరికీ, పనీపాటా లేదా? ఏమ్మే, పొయ్యిమింద ఏం పెట్టినావు, మాడు వాసన ఈడికి కొడతాండాది, పోయి దించు!"

పొయ్యి ఇంకా అంటించనేలేదు. అయినా నా భార్య "దించతాండా అత్తా!" అని గట్టిగా అరిచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.