రేపు మాస్టారి అవునూ కాదూ

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆయన రేపు మాస్టారు. చెప్పులు కుట్టే కొట్టుకీ మందుల షాపుకీ మధ్య, మెట్లు దిగితే వచ్చే ఇరుకు గదిలో రెండు కుట్టుమిషన్లు. ఒకటి ఆయనది, రెండోది ఆయన భార్యది. చేతిపని బంగారం. నోటిమాటే నీటిమీద రాత. ఎవరొచ్చి అడిగినా, “రేపొచ్చేయండి, గుండీలకు కాజాలొక్కటే మిగిలాయి” అనేవాడు. ఆ గుడ్డ అప్పటికింకా తెచ్చిన సంచీలోనే మడత విప్పకుండా నిద్రపోతూ ఉండేది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, సూదిలో దారం లేకపోయినా మిషను టకటకా తొక్కేసేవాడు. పెళ్ళికని కోటు కుట్టమన్న ఒకాయన, చివరికి దాన్ని మొదటి బిడ్డను చర్చికి తెచ్చిన రోజున తొడుక్కున్నాడట.

ఇదంతా అబద్ధమని మాస్టారికి ఏనాడూ తోచలేదు. “కాలేదు” అంటే ఎదుటి మనిషి మొహం మాడిపోతుంది, “రేపు” అంటే నవ్వుకుంటూ వెళ్తాడు, ఇందులో పాపమేముంది అనుకునేవాడు.

ఆదివారం మాత్రం ఆలస్యం లేదు. పాటల బృందంలో వెనక వరసలో ఆయన గొంతు ఖంగుమనేది, కాకపోతే అందరికంటే ఒక్క అడుగు వెనక. అందరూ ఆమేన్ అనేసి కూర్చున్నాక ఈయన ఆమేన్ లేచేది. ప్రసంగం మొదలవగానే గడ్డం గుండెకు ఆనించి కునుకు తీసేవాడు.

ఒక ఆదివారం మైకు కీచుమని అరిచింది. మాస్టారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచేసరికి పాస్టరుగారు వేలెత్తి అంటున్నారు: “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు. దానికి పైన ఒక్క ముక్క చేర్చినా అది దుష్టుడి దగ్గర్నుంచి వచ్చిందే!”

వేలు ఎవరివైపూ లేదు. కానీ జనమంతా ఒక్కసారిగా తల తిప్పి మాస్టారిని చూశారు. ఆయన భార్య అందరికంటే ముందు చూసింది.

ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. “దేవుడు నన్నే లేపాడే” అన్నాడు భార్యతో. “రేపట్నుంచి నిజమే చెప్తాను.”

“రేపట్నుంచా?” అందావిడ అనుమానంగా.

“కాదు కాదు, ఇప్పట్నుంచే.”

సోమవారం పొద్దున్నే బస్సు కండక్టరు తన యూనిఫాం కోసం వచ్చాడు. “అయిందా మాస్టారూ?”

“కాలేదు.”

“కాజాలేగా మిగిలింది?”

“కాదు. గుడ్డ అసలు సంచీలోంచే తీయలేదు. పోయినసారి తొక్కింది ఉత్త మిషను.”

కండక్టరు లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించాడు. “అమ్మా, మాస్టారికి ఒంట్లో బాగానే ఉందా?”

“ఒళ్ళు బాగానే ఉంది నాయనా, మనసు మారింది” అందావిడ.

మారిన మనసు ఆ రోజంతా ఊరి మీద పడింది. “నేనేమైనా లావయ్యానా మాస్టారూ?” అని మాటవరసకి అడిగిన మందుల షాపాయనకు టేపు చుట్టి మరీ “అవును” అని చెప్పాడు. సాయంత్రం సంగీతం టీచరమ్మ వచ్చింది. చర్చిలో పాటలు నేర్పేది ఆవిడే. ఎట్టకేలకు పూర్తయిన గౌను తొడుక్కుని, అద్దం ముందు తిరిగి, “బాగుందా?” అంది మురిసిపోతూ.

“లేదు. దిండుకి గలీబు తొడిగినట్టుంది.”

టీచరమ్మ మొహం కందగడ్డైంది. విసురుగా మెట్లెక్కి వెళ్ళిపోయింది. గౌను కుట్టింది తనేనన్న సంగతి మాస్టారికి అప్పుడు గుర్తొచ్చింది.

భార్య కత్తెర కింద పెట్టింది. “ఏమండీ, నిజం చెప్పమన్నారు గానీ దాంతో జనాన్ని బాదమన్నారా? ప్రేమతో చెప్పమని కూడా అదే గ్రంథంలో ఉంది. ఆ వాక్యం చదివేటప్పుడు తమరు నిద్రలో ఉన్నారు.”

మర్నాడు మాస్టారు టీచరమ్మ ఇంటి తలుపు తట్టాడు. “అమ్మా, నిన్న గలీబు అన్నాను. ఈసారి నిజం ప్రేమతో చెప్తాను. దిండు మీరు కాదు, తప్పు గలీబుది. నడుం దగ్గర రెండు మడతలు వేస్తే చక్కగా కూర్చుంటుంది. మీరు దయచేసి గౌనివ్వండి.”

ఆవిడ కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది గానీ నవ్వొచ్చేసింది. “సరే, నేనూ ప్రేమతో ఒక నిజం చెప్పనా? మీరు పాట ఒక అడుగు వెనక పాడతారు.”

“నేనా? మిగతావాళ్ళు తొందరపడుతున్నారనుకున్నానే!” అన్నాడు మాస్టారు నోరెళ్ళబెట్టి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. గురువారం ఇస్తానన్న బట్టలు మాస్టారు నిజంగానే గురువారానికి కుట్టేశాడు. ఒక్కరూ రాలేదు. ఆయన గురువారమంటే వచ్చే నెలని లెక్కేసుకోవడం అందరికీ అలవాటే. గదిలో కుట్టిన బట్టలు పేరుకుపోయి భార్యాభర్తలు ఒకరికొకరు కనబడలేదు. చివరికి మాస్టారే భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. యూనిఫాం చూసి కండక్టరు బెంబేలెత్తాడు. “ఏంటి మాస్టారూ, కొట్టు మూసేస్తున్నారా?”

శుక్రవారం పాస్టరుగారు తన నల్లకోటు పట్టుకుని వచ్చారు. రెండు మోచేతులూ చిరిగాయి, లోపలి గుడ్డ చివికిపోయింది. “ఆదివారం పెద్ద పాస్టరుగారు వస్తున్నారు. ఆ రోజుకి బాగుచేసివ్వాలి మాస్టారూ.”

మాస్టారు కోటు తిరగేసి చూశాడు. శనివారం పెళ్ళికి ఇవ్వాల్సిన బట్టలు పక్కనే గుట్టగా ఉన్నాయి. పాస్టరుగారికి “కాదు” అనడం కంటే సింహాల గుహలో పడుకోవడం తేలిక.

“కాదు అయ్యగారూ.”

“అదేమిటయ్యా! ప్రయత్నిస్తానని అయినా అనొచ్చుగా?”

“ప్రయత్నిస్తాననడం అవునా అయ్యగారూ, కాదా?”

పాస్టరుగారు విసిరిన బంతి తిరిగొచ్చి ముక్కుకే తగిలింది. తల గోక్కుని, “పోనీ ఒక్క చెయ్యి?” అన్నారు బతిమాలుతూ.

“ఒక్క చెయ్యైతే అవును.”

ఆదివారం కోటు వచ్చింది. కుడిచెయ్యి కొత్తగా నిగనిగలాడుతోంది, ఎడమచెయ్యి కాకులు పొడిచినట్టుంది. పాస్టరుగారు ఎడమచేతిని వెనక్కి దాచి ఒంటిచేత్తోనే ప్రసంగమంతా నడిపించారు. ప్రార్థనలో మాత్రం అలవాటుకొద్దీ రెండు చేతులూ పైకెత్తారు. చిరుగులోంచి మోచెయ్యి బయటికొచ్చి ఆరాధనలో పాల్గొంది. పాటల బృందం ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, బెంచీలన్నీ కదిలాయి.

“ఏమిటీ అవతారం?” అన్నారు పెద్ద పాస్టరుగారు.

“నా ప్రసంగం విని ఒకాయన పాటించాడండీ” అన్నారు పాస్టరుగారు మోచెయ్యి చూపిస్తూ. “ఇన్నేళ్ళలో నాకు ఇలా జరగడం ఇదే మొదలు.”

పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. మాస్టారు సిగ్గుతో కుంచించుకుపోయాడు గానీ, లోపలెక్కడో పొద్దుట్నుంచీ ఉన్న బిగువు కుట్టు ఊడినట్టు వదిలింది.

కొందరు బట్టలు వేరే టైలరుకిచ్చారు. తియ్యని అబద్ధానికి అలవాటుపడ్డవాళ్ళు మరి. కొందరు తిరిగొచ్చారు. మందుల షాపాయన మాత్రం పొద్దున్నే నడక మొదలెట్టి, వారానికోసారి టేపు చుట్టించుకుపోయేవాడు.

కోటు చిరుగు బయటపడ్డ ఆ ఆదివారం మధ్యాహ్నమే మాస్టారూ భార్యా భోంచేస్తుండగా తలుపు చప్పుడైంది. పెళ్ళైన నాటినుంచీ అలాంటప్పుడు మాస్టారు మంచం వెనక్కి నక్కడం, ఆవిడ వెళ్ళి “ఆయన ఊళ్ళో లేరు” అనడం మామూలు. ఆవిడ లేవబోయింది.

“నువ్వు తిను, నేను చూస్తా” అన్నాడాయన. చెయ్యి కడుక్కుని వెళ్ళి తలుపు తీశాడు. పక్కింటావిడ. పిల్లి గోడెక్కి దిగడం లేదట, నిచ్చెన కావాలట.

మాస్టారు నిచ్చెన భుజానేసుకుని తనే బయల్దేరాడు.