సత్తియ్య చేతి కొలత

నర్సుగా ముప్ఫై ఏళ్లు చేశాను. అబద్ధం చెప్పే రోగిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సత్తియ్య చెప్పిన అబద్ధాన్ని మాత్రం నా చేత్తోనే కాగితం మీద రాసిపెట్టాను.

1998లో ఉప్పాడ వైపు నుంచి అతన్ని కాకినాడలో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. కెరటానికి తెప్ప తిరగబడి, విరిగిన తెడ్డు ఎడమ భుజానికీ మెడకూ మధ్యనున్న ఎముక కింద దిగబడింది. చేతి నుంచి గుండెకు రక్తాన్ని తీసుకెళ్లే పెద్ద సిర చిరిగిపోయింది. కుట్టడానికి వీల్లేక, ప్రాణం దక్కితే చాలని డాక్టరుగారు దాన్ని కట్టేశారు. ఇక ఆ రక్తం చిన్న చిన్న దారులు వెతుక్కుని వెళ్లాలి. అందాకా చెయ్యి వాస్తూనే ఉంటుంది.

ఇంటికి పంపే రోజు జాగ్రత్తలన్నీ చెప్పాను. పడుకుంటే చెయ్యి దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకోవాలి. బరువు ఎత్తకూడదు. ప్రతి సోమవారం మోచేతికి పైన ఒకే చోట చుట్టుకొలత చూడాలి. వాపు పెరిగినా, చెయ్యి నీలంగా మారినా వెంటనే రావాలి.

"ఇంట్లో చూసేవాళ్లెవరు?"

"మహాలక్ష్మమ్మండి. నా ఇంటిదండి."

ఆ పేరు కేసు షీటులో రాశాను. "కొలత ఆవిడ చేతే చూపించుకో. నీ అంతట నువ్వు చూసుకుంటే కుదరదు" అని గదమాయించాను కూడా.

అతను అడిగింది ఒక్కటే. "వలతాడు ఎప్పుడు పట్టుకోవచ్చండి?"

"రెండు నెలల్లో వాపు తీస్తే చూద్దాం" అన్నారు డాక్టరుగారు.

సత్తియ్య వాళ్లది తెప్ప మీద తీసుకెళ్లి సముద్రంలో వేసి, ఒడ్డు మీద నుంచి లాగే పెద్ద వల. తాడుకు పదిమంది. తాడు భుజానికేసుకుని, కేకలేసుకుంటూ, ఒకరి వెనక ఒకరు నడుస్తారు. లాగకపోయినా సత్తియ్య వాటా చేపలు ఎవరో ఒకరు అతని గుమ్మంలో పెట్టి వెళ్లేవారట.

"చేపలైతే వస్తన్నాయండి. మాటాడేవోళ్లే రాటం లేదు" అన్నాడు, రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు. అయినా ఆ రోజు మొహం వెలిగిపోతోంది. మొలలోంచి నైలాను దారం తీసి చూపించాడు. సోమవారానికి ఒకటి చొప్పున ఎనిమిది ముడులు. ఒక్కో ముడీ ముందటి దానికంటే దారం కొసకు కాస్త దగ్గరగా ఉంది.

"తగ్గిపోయిందండి, చూడండి!"

నేను టేపు పెట్టి చూశాను. ఇంటికి వెళ్లినప్పటికంటే అంగుళం పెరిగింది. చేతి చుట్టూ దారం ఒరుసుకున్న గీతలు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరు కొలిచారు?"

"నేనేనండి. ఓ కొస పళ్లతో పట్టుకుని."

వల అల్లినవాడి చేతికి దారం దొరికితే బిగించి లాగడమే అలవాటు. వాచిన కండలోకి దారం దిగిపోయింది. తగ్గాలన్న ఆశ కొద్దీ వారం వారం ఇంకాస్త బిగించాడు.

"మీ ఆవిడేం చేస్తోంది? కళ్లు కనబడవా?" అని అరిచాను.

అతను తల దించుకున్నాడు. "పోయి మూడేళ్లయిందండి. ఎవరూ లేరంటే ఇంటికి పంపరేమోనని..."

చచ్చిపోయిన మనిషికా నేను అన్ని జాగ్రత్తలు అప్పజెప్పాను!

రక్తం గడ్డకట్టి ఒక దారి పూడిపోయిందని స్కానింగులో తేలింది. మందులు రాసి, వలతాడు ఇక జన్మలో ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు.

సత్తియ్య దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"లాగనండి. చివర్న నిలబడి ఊరికే పట్టుకున్నా వద్దాండి?"

"వద్దు సత్తియ్యా."

డాక్టరుగారు వెళ్లిపోయాక, "ప్రతి సోమవారం ఇక్కడికే రా. నేను కొలుస్తాను" అన్నాను. కేసు షీటు ముందుకు లాక్కుని మహాలక్ష్మమ్మ పేరు మీద పెన్ను పెట్టాను.

"కొట్టెయ్యకండి సిస్టరుగారూ" అన్నాడు. "మీరు రాసేదాకా, ఆ పేరు మూడేళ్లుగా ఎవరూ రాయలేదండి."

కొట్టెయ్యలేదు. దాని కింద నా పేరు రాశాను.