గోడ కింది తూము

మా మేనత్త బట్టలు కుట్టి ఇల్లు కట్టుకుంది. మాటవరసకి కాదు, పునాది రాయి నుంచి కిటికీ ఊచల దాకా జాకెట్ల మీద వచ్చిన సొమ్మే. మొగుడు పోయాక ఒకరి ముందు చెయ్యి చాచింది లేదు. నోరు మాత్రం పెద్దది. కొలతలిస్తూ పొట్ట లోపలికి పీల్చుకునేవాళ్ళతో, "ఊపిరి వదలమ్మా తల్లీ, తొడుక్కునేది నువ్వే, నేను కాదు" అనేది.

ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే ప్రహరీ గోడ. ఆమె పెరడు కాస్త మెరక. వాననీళ్ళు గోడ అడుగున తూములోంచి మా పెరట్లోకి దిగి వీధి కాలవలో కలిసేవి. నిరుటి నుంచి ఏం మాయరోగమో, నాలుగు చినుకులు పడితే అత్త పెరట్లోనే మడుగు. మిషను గది గోడ చెమ్మకి బీట వారింది. అత్త చూరు గొట్టం మార్పించింది, గోడవారన మట్టి పోయించి వాలు చేయించింది. ఊహూ! వాన పడ్డప్పుడల్లా నాన్నా నేనూ వెళ్ళి బకెట్లతో తోడేవాళ్ళం.

"కొంప కూలేలోగా నాకమ్మెయ్యవే. మేడమీద గదిలో ఉందువుగాని" అనేవాడు నాన్న. చివరికి అత్త సరేనంది. ఏడుస్తూ అంది.

అది చూసి ఊరుకోలేక తాపీమేస్త్రీని నేనే పిలుచుకొచ్చాను. అతను తూములోకి ఇనుప చువ్వ తోశాడు. సగం వెళ్ళి ఖంగుమంది.

"ఇది మట్టి కాదమ్మా, సిమెంటు. అవతలి నుంచి కూరారు."

అవతలంటే మా పెరడు. నిరుడు నాన్న కొత్త బండలు పరిపించింది అక్కడే. నాకు ఒళ్ళు మండిపోయింది. నాతో కూడా నీళ్ళు తోడించాడే, నా కన్నతండ్రి!

కేకేస్తే గోడ అవతలికి వచ్చి నిలబడ్డాడు. "బండలు పాచి పడతాయని..." అని నసిగాడు. "ఒక్కమాట అడిగితే తీయించేవాణ్ణిగా!"

"మూశావని తెలిస్తేగా అడగడానికి! తడిగుడ్డతో గొంతు కోశావు కదా అన్నయ్యా!" అంది అత్త. "ఇల్లూ లేదు, గిల్లూ లేదు. నీకమ్మను, ఫో!"

మేస్త్రీ గునపంతో పొడిచాడు, నేను పారతో పెళ్ళలు లాగాను. నిలిచిన నీళ్ళు భళ్ళున మా బండల మీద పడ్డాయి. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అత్త నావైపు తిరిగింది. "నీక్కూడా తెలుసుటే?"

"లేదత్తా, నీమీదొట్టు."

ఆమె నా చేతిలో పార తీసుకుంది. "సర్లే. ఇక మీ ఇంటికి పో."

ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నన్ను పొమ్మనడం అదే మొదలు.