సుభాషిణిగారి ఉస్త్రాలు

ఆర్.కె. పురంలో మేమున్న క్వార్టర్స్‌లో కింది వాటా సుభాషిణిగారిది, పై వాటా మాది. ఆవిడది నిడదవోలు. ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. భర్త లక్ష్మీపతిగారిదీ సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమే. ఒక్కతే కూతురు, స్నిగ్ధ. ఫైళ్ళు ఆపదనీ, ఆవకాయ బాగా పెడుతుందనీ తప్ప ఆవిడ గురించి నాకప్పటికి పెద్దగా తెలీదు.

2005 డిసెంబరులో ఓ ఆదివారం ఇద్దరం జామా మసీదు దగ్గర పాత సామాన్లమ్మే కబాడీ బజారుకి వెళ్ళాం. మెట్రో కొత్తగా చావ్డీ బజార్ దాకా వచ్చింది, అదో సరదా. ఆవిడకి పాత కుక్కరుకి పిడి కావాలి. నేల మీద పరిచిన గోనెపట్టాల మీద తాళాలు, కళ్ళజోడు ఫ్రేములు, ఆగిపోయిన గడియారాలు కుప్పలుగా ఉన్నాయి. ఆవిడ వాటి మధ్య నుంచి తుప్పు పట్టిన ఓ మడత కత్తి తీసింది.

"ఇదేంటి భయ్యా?"

"ఉస్త్రా, దీదీ. అంగ్రేజోం కే జమానే కా."

అంటే మన మంగలికత్తి, తెల్లదొరల కాలం నాటిదట. దాన్నెందుకు కొందో ఆవిడకే తెలీదు. పిడి నల్లటి కొమ్ముతో చేసింది, చేతిలో చక్కగా ఇమిడిందిట. కుక్కరు పిడి మాత్రం మర్చిపోయి వచ్చేశాం.

మర్నాటి నుంచీ ఆ కత్తిని కిరసనాయిల్లో నానేసింది. శనివారం మధ్యాహ్నం బాల్కనీలోంచి నన్ను కేకేసింది.

"ఒక్కసారి కిందకి రండి. ఇందులోంచి ఏదో బయటికొస్తోంది."

వెళ్ళి చూద్దును కదా, ఎండలో పీటేసుకుని కూర్చుంది. తుప్పు ఊడిన చోట ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. ఇంగ్లండులో కత్తులకి పేరుపడ్డ ఊరి పేరు, షెఫీల్డ్. దాని పక్కన సన్నటి గీతలతో ఓడ బొమ్మ, దాని మీద బంగారు పూత. ఆవిడ ఇంకా దగ్గరికి వంగింది. ఆ ఉత్సాహంలో గరుకు ఎమరీ కాగితంతో ఇంకో నాలుగు రుద్దులు రుద్దింది. తెరచాపలు చెరిగిపోయాయి.

ఆ పూట ఆవిడ అన్నం తినలేదు. "నూరేళ్ళు తుప్పు కింద భద్రంగా ఉన్నదాన్ని అయిదు నిమిషాల్లో పాడు చేశానండీ" అంది. కానీ కళ్ళల్లో బాధ కంటే వేరే ఏదో ఎక్కువగా ఉంది. మరుసటి ఆదివారం తెల్లారేసరికే స్వెటరు వేసుకుని మా తలుపు కొట్టింది. ఆ రోజు మరో రెండు దొరికాయి.

స్నిగ్ధ నెట్ కేఫ్‌కి వెళ్ళి వెతికొచ్చింది. "మమ్మీ, దునియా భర్ మే లోగ్ కలెక్ట్ కర్‌తే హైఁ! ప్రపంచమంతా వీటిని పోగు చేసేవాళ్ళున్నారట. దేశం పేరు లేకుండా ఊరి పేరే ఉంటే చాలా పాతదట. 1891 కంటే ముందుది అయ్యుండొచ్చు" అంది. ఆ పిల్ల అమ్మతో అన్ని తెలుగు మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

కత్తి తళతళలాడుతోంది గానీ తెగదు. వీధిలో సైకిలు చక్రంతో సాన పట్టేవాడికిస్తే వాడు తిరిగిచ్చేశాడు. "నా రాయి మీద పెడితే చచ్చిపోతుంది, బహెన్‌జీ. పాతకాలం మంగలి ఎవరినైనా పట్టుకోండి" అన్నాడు.

అలా ఆవిడ జామా మసీదు ఎదుటి మటియా మహల్ గల్లీలో ఖలీల్ అహ్మద్ గారి క్షవరం దుకాణం చేరింది. ఆయనకి డెబ్బై దాటాయి. రోగాలు అంటుకుంటాయని మార్చే బ్లేళ్ళు వచ్చాక పాత ఉస్త్రాలు ట్రంకులో పడేశారు. ఆడమనిషి వచ్చి ఉస్త్రా నూరడం నేర్పమంటే కుర్చీలో ఉన్న బేరం కూడా తిరిగి చూశాడు.

"ఎవరికి గడ్డం గీస్తావు, బేటీ?"

"ముందు నూరడం రానివ్వండి, తర్వాత చూస్తాను."

ఆయన నవ్వి పసుప్పచ్చ రాయి తీశారు. కత్తి వెన్నూ, అంచూ రెండూ రాయిని తాకాలి, ఏది లేచినా పాడే. పదకొండు ఆదివారాలు ఆవిడ ఆ దుకాణం బల్ల మీద కూర్చుంది. మొదట్లో అంచు మొద్దుబారేది, తర్వాత వంకర పోయేది. పన్నెండో ఆదివారం ఖలీల్ గారు తన తెల్లవెంట్రుక ఒకటి పీకి అంచు మీదకి వదిలారు. అది చప్పుడు లేకుండా రెండయింది. ఆవిడ లేచి నిలబడింది. ఆయన దుకాణంలో అందరికీ టీ తెప్పించారు.

ఇక గీయడం నేర్చుకోవాలి. బుడగ ఊది, నురగ పూసి, అది పగలకుండా గీకమన్నారు ఆయన. వారం రోజుల పాటు కింది వాటా నుంచి ఫట్ ఫట్‌మని చప్పుళ్ళు. నేను వెళ్ళి అడిగాను.

"ఎవరి పుట్టినరోజండీ?"

"మా ఆయన ప్రాణానికి రిహార్సల్" అంది, మొహం నిండా నురగతో.

లక్ష్మీపతిగారు ససేమిరా అన్నారు. "ఇరవై రెండేళ్ళు కాపరం చేశాం సుభా, ఇప్పుడు మెడ మీద కత్తి పెడతావా?" వరసగా ఆరు బుడగలు పగలకుండా గీసి చూపించాక కుర్చీలో కూర్చున్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నేనూ, స్నిగ్ధా గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. సర్ర్‌మని సన్నటి చప్పుడు. కుడి బుగ్గ అయింది. ఆయన నెమ్మదిగా తడిమి చూసుకున్నారు, ఇంకోసారి తడిమారు.

"ఆగిపోయావేం? రెండో వైపు కానియ్యి."

గడ్డం కింద చిన్న గాటు పడింది. పటిక రాసుకుని, ఆఫీసులో అందరికీ దాన్నే చూపించుకున్నారు.

ఖలీల్ గారి మాట మీద గల్లీలోని క్షురకులు ట్రంకుల్లోవి తెచ్చివ్వడం మొదలెట్టారు. తాతలవి, తండ్రులవి. ఆవిడ ఒక్కోదాన్నీ స్పిరిట్‌తో తుడిచి, విరిగిన పిడులకి ఇత్తడి రివెట్లు వేసి, ఏది ఎవరిదో వాళ్ళ పేరు రాసి పెట్టుకుంది. ఓడల బొమ్మలూ, నెమళ్ళూ ఇప్పుడు ఒక్క గీత చెరగకుండా బయటికొచ్చేవి.

2008 ఉగాదికి తెలుగువాళ్ళ సభలో ఆవిడకి ఓ బల్ల ఇచ్చారు. నల్ల గుడ్డ మీద ముప్ఫై ఎనిమిది ఉస్త్రాలు పరిచింది. పచ్చడి పంచే చోటికంటే ఇక్కడే జనం ఎక్కువ. రిటైరైన అండర్ సెక్రటరీ పద్మనాభంగారు ముందుకొచ్చారు.

"నిజంగా తెగుతాయా అమ్మా, చూడ్డానికేనా?"

"కూర్చోండి."

ఆయన కండువా తీసి కూర్చున్నారు. రెండొందల మంది చూస్తుండగా ఆవిడ తోలు పట్టీ మీద కత్తి రెండు వైపులా లాగి, ఆయన గడ్డం పైకెత్తింది. పని అయ్యాక ఆయన అద్దం అడగలేదు. బుగ్గ నిమురుకుంటూ, "నా పెళ్ళిలో చేసినట్టుందమ్మా" అన్నారు. వెనకాల అప్పటికే వరస కట్టేశారు. ఖలీల్ గారు ముందు వరసలో కూర్చుని, పక్కవాళ్ళకి ఏదో గర్వంగా చెబుతున్నారు.

ఆ ఏడాది నుంచే శనివారాలు ఆవిడ బాల్కనీలో నూరడం నేర్పుతోంది. ఇందిరాపురం నుంచి క్రాంతి అనే సాఫ్ట్‌వేరు అబ్బాయి వస్తాడు, మరో ముగ్గురు కూడా. అందులో ఇద్దరు ఆడవాళ్ళే, ఒకదాన్ని నేను. నా వేళ్ళకి ఇంకా పట్టు దొరకలేదు గానీ, నిన్న నా కత్తి వెంట్రుకని సగం దాకా కోసింది.