రెండు నేలల కల్లు

మొన్న ఏలూరులో మా తమ్ముడింట్లో వాడి కొడుకు ఒక ఫ్రెంచి వైన్ సీసా తెరిచాడు. హోటల్ చదువు చదివి అదే పనిలో ఉన్నవాడు కాబట్టి, గ్లాసు అడుగున రెండు గుక్కలంత పోసి, తిప్పి, ముందు వాసన చూడమన్నాడు. "ఇది బోర్డోదండీ అత్తా. నది పక్క గులకరాళ్ల నేల. బర్గండీ అయితే సున్నపురాయి నేల, షాంపేన్‌ది సుద్దనేల. ఎక్కడి ద్రాక్షకి అక్కడి రుచే. ఆ ఊళ్లవాళ్లు ఒక్క గుక్కతో చెప్పేస్తారంట" అన్నాడు. పుల్లగా, తడి మట్టికుండ లోపలి వాసనలాంటిదేదో ముక్కుకి తగిలింది. ఒక్క గుక్కతో చెప్పే మనిషిని నేను చిన్నప్పుడే చూశాను. ఆయనకి తన నాలిక మీద నమ్మకం పోయేలా చేసింది కూడా నేనే.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచు. మా నాన్నకి నాన్న, తాతయ్య, చేను గట్టు మీది పదకొండు తాడిచెట్లూ తనే ఎక్కి గీసేవారు. మాఘం వెళ్లి ఎండలు మొదలయ్యే రోజుల్లో, వెలుగు రాగానే నడుముకి మోకు బిగించి బయల్దేరి, మంచు ఆరకముందే కల్లు లొట్లు దించుకొచ్చేవారు. అప్పటికి కొల్లేటి గాలి నాచు వాసన మోసుకొస్తుండేది, కోతలైన చేలో నల్లమట్టి నెర్రెలు విచ్చుతుండేది, లొట్టి మూతి చుట్టూ తేనెటీగలు ముసురుతుండేవి, అమ్మ పొయ్యి మీద ఎండుచేపలు కాలుస్తుండేది, పులవకుండా సున్నం రాసిన లొట్టిలోని తీపి కల్లు తాటాకు దొప్పల్లో పోస్తారని పిల్లలమంతా మొహాలైనా కడుక్కోకుండా అరుగు మీద చేరేవాళ్లం.

అమ్మ పుట్టిల్లు నల్లజర్ల వైపు మెట్ట. అక్కడి ఎర్రనేలలో మా అమ్మకి నాన్న, నల్లజర్ల తాతయ్య, ఆయన చెట్లు ఆయన గీసుకునేవారు. ఏటా ఒకసారి మొదటి బస్సుకి ఒక లొట్టి మూతికి గుడ్డ కట్టుకుని, ఏలూరులో బస్సు మారి, నురగ పంచె మీద పొంగుతుండగా మా ఇంటికొచ్చేవారు. ఇక వియ్యంకులిద్దరికీ అదే వాదన.

"మీది బురద కల్లండీ బావగారూ, గొంతులో జిగురులా దిగుద్ది."

"మీ మెట్టది నాలిక మీద నిలబడదండీ. తాగినట్టే ఉండదు."

తర్వాత పరీక్ష. చుట్టుపక్కలవాళ్లు పందిట్లో కూర్చునేవారు. తాతయ్య గోడవైపు తిరిగితే నేను ఒక్కో దొప్పలో పోసి అందించేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని, గుక్క నోట్లోనే కాసేపు ఉంచి, నేల పేరే కాదు, చెట్టు పేరు కూడా చెప్పేవారు. "ఇది కాలవ మొగ చెట్టుది. దీని వేరు చవుడు నేల వైపు పోయింది" అనేవారు. ఏ ఏడూ తప్పలేదు.

నాకు పదేళ్లు వచ్చేసరికి మా చుట్టూ చేలన్నీ చేపల చెరువులైపోయాయి. మా చేను కూడా లీజుకిమ్మని చెరువులవాళ్లు అడుగుతుంటే తాతయ్య ఒక్కరే ఒప్పుకోలేదు. "ఈ గట్టు మీద కల్లు ఇంకెక్కడా రాదండీ" అని వచ్చినవాళ్లని మర్యాదగా పంపేసేవారు.

ఆ ఏడాది నల్లజర్ల తాతయ్య నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు మా పక్షమా, వాళ్ల పక్షమా?" అని అడిగారు. అటు తాతయ్య కూడా నవ్వుతూ నా జవాబు కోసం చూశారు. ఎవరి పేరు చెప్పినా రెండోవాళ్లు చిన్నబోతారనిపించింది. ఎవరూ ఓడకూడదనుకుని వంటింటి వెనక్కి వెళ్లి, ఆ లొట్టిలోది ఇందులో, ఇందులోది అందులో పోసి కలిపేశాను.

తాతయ్య మొదటి గుక్క తాగి ఆగారు. మళ్లీ పొయ్యమన్నారు. మూడోసారి తాగాక, గోడవైపు నుంచి ఇటు తిరిగి, "తెలీట్లేదండీ బావగారూ" అన్నారు.

పందిట్లో అందరూ నవ్వారు. "నాలిక ముసలిదైపోయిందండీ మీకు" అన్నారు నల్లజర్ల తాతయ్య, ఎగతాళిగానే అయినా ప్రేమగా. తాతయ్య కూడా నవ్వి, దొప్ప కింద పెట్టేసి, కాళ్లు కడుక్కోవడానికని లేచి వెళ్లారు. నోరు విప్పితే దెబ్బలు తప్పవని నేను దొప్పలు ఏరుకుని వంటింట్లోకి జారుకున్నాను.

మరుసటి ఏడు ఆయన పరీక్షకి కూర్చోలేదు. ఆ వేసవిలోనే చెరువులవాళ్లు మళ్లీ వచ్చారు. ఏమంటారని నాన్న అడిగితే, తాతయ్య మోకుకి ముడి వేసుకుంటూనే, "ఇచ్చెయ్యరా. నాకే తేడా తెలీనప్పుడు ఇంకెవరి కోసం" అన్నారు.

మూడు రోజులు గొడ్డళ్ల చప్పుడు వినిపించింది. మూడో రోజు, కాలవ మొగ చెట్టు పడ్డాక, గట్టు మీద కూర్చున్న తాతయ్య దగ్గరికెళ్లి ఏడుస్తూ చెప్పాను. "ఆవేళ రెండూ కలిపింది నేనేనండీ తాతయ్యా."

ఆయన నా తల మీద చెయ్యి వేసి, "కలిపితే మాత్రం, అందులో రెండు నేలలున్నాయని నాకు తెలియాలి కదమ్మా" అన్నారు.

నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారో, నిజంగా అలాగే నమ్మారో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత ఆయన ఏ చెట్టూ ఎక్కలేదు. రెండేళ్లకి పోయారు.

ఇప్పుడు మా చేను ఎక్కడుండేదో నేనూ గుర్తు పట్టలేను. అటంతా చెరువులు, నీళ్లు చిమ్మే మిషన్లు. నల్లజర్ల తాతయ్య చెట్లున్న చోట పామాయిల్ తోటలు వరసలు కట్టాయి. పోయిన వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి వస్తుంటే రోడ్డు పక్క ఒకామె ప్లాస్టిక్ డ్రమ్ములో కల్లు పెట్టుకుని కూర్చుంది. కారు ఆపించి, ఏ ఊరి కల్లమ్మా అని అడిగాను.

"ఏమోనండీ, వ్యాను మీద తెచ్చి పోసి వెళ్తారండీ. ఇప్పుడలా ఎవరూ అడగరండీ" అంది ఆమె, గ్లాసు కడుగుతూ.

కళ్లు మూసుకుని ఒక గుక్క నోట్లో ఉంచుకున్నాను. కల్లు అని మాత్రమే తెలిసింది.